పసిబిడ్డ పాలు చిమ్మినట్లు కక్కుతుంటే అశ్రద్ధ చేయకండి

పసిపిల్లలు పాలు తాగాక కొంచెం కక్కడం మామూలే. భుజాన వేసుకొని తేన్పు తెప్పిస్తే తగ్గుతుంది. బిడ్డ బరువు పెరుగుతున్నంత వరకు భయం లేదు. కాని బాగా ఉన్న బిడ్డ 3 నుండి 6 వారాల వయసులో తాగిన పాలన్నీ దూరంగా పడేలా కక్కడం మొదలుపెడితే అది జబ్బు కావచ్చు. దీనిని పైలోరిక్ స్టెనోసిస్ అంటారు.

ఎందుకు వస్తుంది?

కడుపులో నుండి చిన్నపేగులోకి పాలు వెళ్ళే ద్వారం చుట్టూ ఉండే కండ మందమై దారి ఇరుకవుతుంది. మగపిల్లల్లో సుమారు 4 రెట్లు ఎక్కువ. తల్లికో తండ్రికో పసితనంలో వచ్చి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. తల్లి తిన్న ఆహారం వల్ల గాని, దిష్టి వల్ల గాని రాదు.

ఎలా గుర్తించాలి?

1. రోజురోజుకూ వాంతులు ఎక్కువవుతాయి.
2. కక్కిన వెంటనే బిడ్డ మళ్ళీ ఆకలితో ఏడుస్తాడు.
3. బరువు పెరగదు, తగ్గుతుంది.
4. మూత్రం, విరేచనం తగ్గుతాయి. మాడు గుంటపడుతుంది.
5. పాలు తాగాక పొట్టపై ఎడమ నుండి కుడికి అల కదిలినట్లు కనిపిస్తుంది.

ఈ వాంతిలో పాలు మాత్రమే ఉంటాయి. వాంతి ఆకుపచ్చగా ఉంటే పేగు మెలిపడి ఉండవచ్చు. గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

చికిత్స

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో జబ్బు నిర్ధారణ అవుతుంది. "ఆపరేషన్ వెంటనే ఎందుకు చేయరు?" అని బంధువులు అడుగుతుంటారు. వాంతులతో నీరు, లవణాలు పోయిన బిడ్డకు అలాగే మత్తు ఇస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అందుకే ముందు సెలైన్ ఎక్కించి, రక్తపరీక్ష సరిగా వచ్చాకే ఆపరేషన్ చేస్తారు. ఇందుకు ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. అంతవరకు బిడ్డ ఎంత ఏడ్చినా చాటుగా పాలు పట్టవద్దు. తల్లి మాత్రం పాలు పిండుతూ ఉండాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి.

1912లో జర్మన్ డాక్టరు రామ్‌స్టెట్ ప్రకటించిన పద్ధతే నేటికీ ఆధారం. లోపలి పొర తెగకుండా మందమైన కండను మాత్రం చీలుస్తారు. దారి తెరుచుకుంటుంది. కొన్ని గంటల్లోనే కొద్దికొద్దిగా పాలు మొదలుపెడతారు. ఒకటి రెండు రోజులు కాస్త కక్కినా కంగారుపడవద్దు. ఈ జబ్బు మళ్ళీ రావడం చాలా అరుదు.

తల్లులకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఒక మాట: పాలడబ్బాలు మారుస్తూ, గ్రైప్ వాటర్ పోస్తూ రోజులు గడపవద్దు. త్వరగా తెస్తే బిడ్డ పూర్తిగా కోలుకుంటాడు.