సంతకం పెట్టే ముందు

నేను లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి. ఆస్పత్రి ఎథిక్స్ కమిటీలో వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరుండాలని నిబంధన. అలా లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి మీటింగులకు పోయేవాణ్ణి. పిల్లల మెదడు కణితులకు కొత్త మందులు పరీక్షించే ట్రయల్స్ గురించి అక్కడ ఒంటబట్టినవి ఇవి.

1. ట్రయల్ మొదటి దశలో తేల్చేది జబ్బు నయమవుతుందా అన్నది కాదు, పిల్లలు ఎంత డోసు తట్టుకుంటారన్నది. సాధారణంగా ముగ్గురికి తక్కువ డోసు ఇచ్చి చూస్తారు. ఇబ్బంది లేకపోతే తర్వాతి ముగ్గురికి పెంచుతారు. మీ బిడ్డకిచ్చేది ఏ స్థాయి డోసో అడగండి.

2. రోజులు లెక్కేసుకోండి. మెదడు కాండంలో వచ్చే డీఐపీజీని కోసి తీయలేరు. రేడియేషన్‌తో కొన్నాళ్లు నడక, మాట కుదుటపడతాయి. సగానికి పైగా పిల్లలు ఏడాది దాటరు. ఆ మంచి రోజుల్లో ఎన్ని రక్తపరీక్షలకు, ఎమ్మారైలకు పోతాయో ముందే తెలియాలి.

3. ఫలితం తర్వాతి పిల్లలకు దక్కవచ్చు. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చారు. 1948లో వెలువడిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గింది, అదీ తాత్కాలికంగానే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల్ని బతికిస్తోంది. ఫలితం తమ బిడ్డకు కాక తర్వాతి పిల్లలకు దక్కవచ్చన్న మాట తల్లిదండ్రులకు దాచకుండా చెప్పాలి.

4. పిల్లలనూ అడగాలి. 2009–10లో ఖమ్మం జిల్లా హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో ఎందరో ఆడపిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని తప్పుపట్టింది. సమ్మతి తీసుకునేటప్పుడు రికార్డు చేసిన ఒక వీడియోను మా కమిటీ చూసింది. అందులో ఎనిమిదేళ్ల బాబు “సూదులెన్ని?” అన్నాడు. డాక్టర్ నోరు తెరిచేలోపే తండ్రి “కొన్నేలేరా” అనేశాడు. డాక్టరే జవాబు చెప్పాలని ఫైలు తిప్పి పంపాం.

5. పరీక్షిస్తున్న మందుకు డబ్బడిగితే అనుమానించండి. దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ)లో నమోదు నంబరు చూసుకోండి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం చేయించాలని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి.

6. మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆపకూడదు. చేరినా చేరకపోయినా నొప్పి, వాంతులు తగ్గించే పాలియేటివ్ కేర్ డాక్టర్‌ను మొదట్లోనే కలవండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లలకూ ఆ సేవలున్నాయి. బిడ్డకు ఈ రాత్రి నిద్రపట్టడం ఏ ట్రయల్ కోసమూ ఆగాల్సిన పని కాదు.