జాబితాలో ఉన్న పేరు ఎందుకు దొరకలేదు?

వేసవి సెలవుల్లో పిల్లలకు పీహెచ్‌పీ పాఠం చెబుతూ బోర్డు మీద నాలుగు పేర్లు రాశాను: గాజువాక, మల్కాపురం, పూర్ణా మార్కెట్, అక్కయ్యపాలెం. ఎవరి పేట పేరు వాళ్లు కంప్యూటర్లో వెతకాలి. ముగ్గురికి దొరికింది. నాలుగో అమ్మాయి లేచి, "మాస్టారూ, మొదట రాసింది మా గాజువాకే కదా, లేదంటోందేమిటి?" అంది. తప్పు నాదే. ఆ తప్పే ఈ పాఠం.

పీహెచ్‌పీ వెబ్‌సైట్లు నడిపే భాష. రాస్మస్ లెర్డార్ఫ్ దీన్ని 1995లో విడుదల చేశారు. ఒకే పేరు కింద వరుసగా పెట్టిన విలువలను ఇందులో 'అర్రే' అంటారు. మామూలుగా వరుస లెక్క ఒకటితో కాదు, సున్నాతో మొదలవుతుంది. కాబట్టి గాజువాక స్థానం 0, అక్కయ్యపాలెం స్థానం 3.

వెతకడానికి ముఖ్యంగా రెండు సాధనాలున్నాయి. 'ఇన్ అర్రే' ఉందో లేదో చెబుతుంది. 'అర్రే సెర్చ్' ఎక్కడుందో చెబుతుంది. లేకపోతే 'ఫాల్స్' అంటుంది.

మొదటి చిక్కు ఇక్కడే. గాజువాకకు 0 అని సరైన జవాబే వచ్చింది. కానీ షరతు పరీక్షలో పీహెచ్‌పీ సున్నాను కూడా 'కాదు' అనే లెక్కిస్తుంది. నేను రాసిన ప్రోగ్రామ్ 'లేదు' అని చూపింది. జవాబును ఫాల్స్‌తో మూడు సమాన గుర్తులు (===) పెట్టి పోల్చితే సున్నా వేరు, ఫాల్స్ వేరు అని తేలుతుంది.

రెండో చిక్కు నంబర్లది. '0125', '125' రెండు వేర్వేరు దరఖాస్తులు అనుకోండి. రెండూ అంకెల్లా కనిపిస్తాయి గనుక పీహెచ్‌పీ వాటిని సంఖ్యలుగా పోల్చి, ఒకటే అంటుంది. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8 పోలికల్లో కొన్ని లోపాలను సరిచేసినా, ఇది అలాగే ఉంది. వెతికేటప్పుడు మూడో విలువగా 'ట్రూ' ఇస్తే ఉన్నది ఉన్నట్టుగా పోల్చుతుంది.

దాతలకు ఈ పాఠం ఎందుకంటారా? ఉపకారవేతనాల జాబితాలో మొదటి పేరు 'లేదు' అయితే ఒక బిడ్డ ఫీజు ఆగిపోతుంది. రెండు నంబర్లు ఒకటైతే ఒకరి సాయం మరొకరికి చేరుతుంది. ఇకపై ఎవరైనా జాబితా ప్రోగ్రామ్ తయారుచేసి తెస్తే, డబ్బు ఇచ్చే ముందు నాలుగు వెతికించండి: మొదటి పేరు, చివరి పేరు, అసలు లేని పేరు, సున్నాతో మొదలయ్యే నంబరు. నాలుగూ సరిగ్గా వస్తేనే ఆ జాబితాను నమ్మండి.