ఇస్రో: స్థాపన, లక్ష్యములు, గుర్తుంచుకొనవలసిన తేదీలు

1962లో అణుశక్తి శాఖ ఆధ్వర్యమున, విక్రమ్ సారాభాయ్ నేతృత్వమున ఏర్పడిన జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘమే (ఇన్‌కాస్పార్), 1969 ఆగస్టు 15న భారత అంతరిక్ష పరిశోధన సంస్థగా (ఇస్రో) రూపొందినది. 1972లో అంతరిక్ష కమిషన్, అంతరిక్ష శాఖ నెలకొనగా ఇస్రో ఆ శాఖలో చేరినది. ప్రధాన కార్యాలయము బెంగళూరు. పరీక్షలలో 1969, 1972లను తారుమారు చేసి అడుగుట పరిపాటి.

సంపన్న దేశములతో పోటీకన్న వాతావరణ సూచన, దూరవిద్య, సమాచార ప్రసారము, భూవనరుల సర్వేక్షణ మొదలగు సామాన్యుని అవసరములు తీర్చుటయే పరమలక్ష్యమని సారాభాయ్ విశ్వసించెను; ఈ దృష్టియే సంస్థకు ప్రాణము. అమెరికా ఉపగ్రహమైన ఏటీఎస్-6 ద్వారా, ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములను అందించిన 1975-76 నాటి ‘సైట్’ ప్రయోగము అందులకు ఉత్తమ నిదర్శనము. వ్యాసరూప ప్రశ్నలలో దీనిని తప్పక ఉదాహరింపుడు.

రాకెట్ ప్రయోగ కేంద్రమునకు శ్రీహరికోట ఎంపికకు కారణములు: భూమధ్యరేఖకు సామీప్యమువలన తూర్పునకు ఎగయు రాకెట్టునకు భూభ్రమణ వేగము తోడగును, విడిపోయిన దశలు జనావాసములపైగాక సముద్రమున పడును. 2002లో ఈ కేంద్రమునకు ఇస్రో మాజీ అధ్యక్షుడు సతీష్ ధవన్ పేరిడిరి.

భారత తొలి ఉపగ్రహము ఆర్యభట, 1975 ఏప్రిల్ 19, సోవియట్ రాకెట్టుపై. స్వదేశీ వాహకముచే కక్ష్య చేరిన తొలి ఉపగ్రహము రోహిణి, 1980 జూలై 18, ఎస్‌ఎల్‌వి-3. చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన 2023 ఆగస్టు 23ను పురస్కరించుకొని ఏటా ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవము. ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రము ఉన్నది హైదరాబాదున.

ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చునది 2020లో ప్రకటింపబడిన ఇన్-స్పేస్. వాణిజ్య వ్యవహారములు చూచునది 2019లో ఏర్పడిన ఎన్‌ఎస్‌ఐఎల్ (న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్). ఇన్-స్పేస్ ప్రధాన కార్యాలయము అహ్మదాబాదు, బెంగళూరని గుర్తింపకుడు.