సీసాలో నీళ్లు మసులుతున్నాయా?

కోరుట్ల, సిరిసిల్ల వైపు నుండి నెలలు నిండని మనుమలను తీసుకొచ్చే నాయనమ్మలు మమ్మల్ని తరచు అడిగే మాట ఒకటి ఉంది: "సిస్టరమ్మా, ఆ సీసల నీళ్లు ఎందుకు మసులుతున్నయి?"

అవి వేడి నీళ్లు కావు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తుల్లోని చిన్న గాలిసంచులు ఊపిరి వదలగానే ముడుచుకుపోతాయి. కొత్త బుగ్గను మొదటిసారి ఊదాలంటే దవడలు నొప్పి పుడతాయి కదా, బిడ్డకు ప్రతి ఊపిరీ అంత కష్టమే. అందుకని ముక్కు గొట్టం ద్వారా కొద్ది ఒత్తిడితో గాలి ఆగకుండా పంపుతాము. గాలి బయటికి పోయే గొట్టం కొన నీటిలో ముంచుతాము. ఎంత లోతు ముంచితే అంత ఒత్తిడి. దీనినే బబుల్ సీప్యాప్ అంటారు.

ఈ యంత్రాలు ఖరీదైనవి. ఆఫ్రికాలోని మలావీ వంటి పేద దేశపు ఆసుపత్రులు కొనలేవు. 2010లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఇంకా డిగ్రీ చదువుతున్న ఇంజనీరింగు విద్యార్థులు దీనికి పూనుకున్నారు. వారి అధ్యాపకులు రెబెకా రిచర్డ్స్-కోర్టమ్, మరియా ఓడెన్. చేపల తొట్టిలో గాలి కొట్టే పంపులు రెండు ప్లాస్టిక్ డబ్బాలో బిగించారు, అదే మొదటి నమూనా! దానినే మెరుగుపరచి బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రి పసిపిల్లల వార్డులో పరీక్షించారు. 2014లో ఫలితాలు వెలువడ్డాయి. ఆక్సిజన్ మాత్రమే పెట్టిన 25 మందిలో 11 మంది బ్రతికారు. ఈ సాధనం పెట్టిన 62 మందిలో 44 మంది బ్రతికారు.

అయితే 2019లో అదే దేశం నుండి మరో అధ్యయనం వచ్చింది. రోజూ డాక్టరు చూడని ఒక జిల్లా ఆసుపత్రిలో, న్యుమోనియా ముదిరిన కొంచెం పెద్ద పిల్లలకు సీప్యాప్ పెడితే, ఆక్సిజన్ పెట్టినవారి కంటే ఎక్కువ మంది చనిపోయారు. డబ్బా పక్కన చూసే మనిషి ఉండాలని నర్సులమైన మాకు తెలియనిది కాదు.

ఉస్మానియా ఇంజనీరింగు కళాశాలలో బయోమెడికల్ కోర్సు ఉంది. మన జగిత్యాల పిల్లలెవరైనా అందులో చదువుతుంటే, సెలవుల్లో అనుమతి తీసుకుని ఒక రాత్రి డ్యూటీ మా పక్కన కూర్చోమనండి. గొట్టం ఒరుసుకుని పసి ముక్కు ఎలా పుండు పడుతుందో, కరెంటు పోతే మేము ఎలా పరుగెత్తుతామో చూస్తారు. చేయవలసిన పని అక్కడ చాలా ఉంది.

నాయనమ్మలకు ఒక మాట. బిడ్డ ఏడుస్తోందని గొట్టం మీరు తీయకండి. బుడగలు ఆగితే ఎక్కడో గాలి పోతున్నట్టే, అర్ధరాత్రయినా సరే మమ్మల్ని కేకేయండి.