మేనమామల సంగతి అడుగు

చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులు.

వార్డు నిండా దగ్గు, జలుబు పిల్లలేనని రాశావు. చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలేనమ్మా, తల్లుల్ని భయపెట్టకు. న్యుమోనియా తగ్గి ఇంటికెళ్లి, మళ్లీ న్యుమోనియాతోనే వచ్చే బిడ్డను మాత్రం వదలకు.

అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ 1952లో అలాంటి ఎనిమిదేళ్ల పిల్లవాడి గురించి రాశాడు. న్యుమోకాకస్ వాడి రక్తంలోకి పదేపదే చేరేది. పరీక్షిస్తే రక్తంలో యాంటీబాడీలుండే గామాగ్లోబ్యులిన్ లేనే లేదు. అది బయటినుంచి ఇస్తే పిల్లవాడు తేరుకున్నాడు. ఈ జబ్బున్న మగపిల్లలు తల్లి ఇచ్చిన యాంటీబాడీలతో ఆర్నెల్ల దాకా బాగానే ఉంటారు. ఆ తర్వాత చెవిలో చీము, న్యుమోనియా మొదలవుతాయి. నోరు తెరిపించి చూడు, టాన్సిల్స్ దాదాపు కనిపించవు. లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కనుక తల్లి అన్నదమ్ముల్లో పసితనంలోనే పోయినవాళ్లున్నారేమో కనుక్కో. మనవాళ్లు పోయిన పిల్లల్ని లెక్కలో చెప్పరు. అందుకే "ఎంతమంది పిల్లలు?" అనకుండా "ఎన్ని కాన్పులమ్మా?" అని మెల్లగా అడుగు. మేనరికమైతే మరో రకం లోపాలు ఆడపిల్లల్లోనూ బయటపడతాయి.

ఇంతకన్నా ఘోరమైనది స్కిడ్, అంటే రోగనిరోధక శక్తి పుట్టుకతోనే తీవ్రంగా లోపించే జబ్బు. అది ఆర్నెల్లు ఆగదు. తొలి నెలల్లోనే నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు, పెరగని బరువు. పుట్టగానే వేసిన బీసీజీ చోట పుండు మానకపోగా ఆ క్రిములు ఒళ్లంతా పాకవచ్చు. దీని ఆచూకీ మామూలు రక్తపరీక్ష కాగితంలోనే ఉంటుంది, చూసేవాళ్లే తక్కువ. మొత్తం తెల్లకణాల్లో లింఫోసైట్లు ఎన్నో లెక్కకట్టు. పసిబిడ్డకు 3,000 లోపుంటే మర్నాటికి వాయిదా వెయ్యకు. పోలియో చుక్కలు, రోటా చుక్కలు ఆపించు. రక్తం ఎక్కించాల్సొస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే తెప్పించు. ఇన్ఫెక్షన్లు ముదరకముందే మూలకణాల మార్పిడి జరిగితే ఆ బిడ్డ బతికే అవకాశాలు చాలా ఎక్కువ.

పెద్దవాళ్ల వార్డులో ఉన్న నీ స్నేహితులకూ ఒక మాట చెప్పు. పుట్టుకతో వచ్చిన లోపం ముప్పై ఏళ్లకు కూడా బయటపడొచ్చు. ఏళ్ల తరబడి సైనస్ బాధ, మళ్లీ మళ్లీ న్యుమోనియా, పాడైన ఊపిరితిత్తులు. కఫంలో క్రిమి దొరక్కపోయినా టీబీ మందులు వాడేసి ఉంటారు. కొందరికి ఇన్ఫెక్షన్లకన్నా ముందే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అప్పుడు ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం యాంటీబాడీల పరీక్షలు రాయమను. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించేలోపే నమూనా తీయాలి, ఎక్కించాక ఐజీజీ లెక్క నమ్మలేం.

ఇట్లు,
మామయ్య