సర్వర్ వస్తలేదా? మనిషిని పిలిచే ముందు ఇవి చూడండి

నెల 20వ తేదీ, జీఎస్టీ 3బి రిటర్నుకు గడువు రోజు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఎవరో ఒకరు కేకేస్తారు: "సార్, సర్వర్ వస్తలేదు!" అది వికారాబాద్‌లో ఆడిటర్ ఆఫీసు కావచ్చు, తాండూరులో బండల పాలిష్ యూనిట్ కావచ్చు, కందిపప్పు మిల్లు కావచ్చు. ఇలాంటి చిన్న ఆఫీసుల్లో సర్వర్ అంటే చాలాచోట్ల మూలన పెట్టిన మామూలు కంప్యూటరే. అందులో ఒక ఫోల్డర్‌ను షేర్ చేసి, టాలీ లెక్కలు, ఎక్సెల్ షీట్లు, స్కాన్ చేసిన బిల్లులు అక్కడే పెట్టుకుని, మిగతా నాలుగైదు కంప్యూటర్ల నుంచి వాడుకుంటారు.

బాగుచేసే మనిషి హైదరాబాద్ నుంచి రావాలంటే వికారాబాద్‌కు డెబ్బై కిలోమీటర్ల దారి. తాండూరుకైతే వంద దాటుతుంది. ఆలోగా మీరే చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి. వరస మాత్రం తప్పొద్దు. వైరు దగ్గర మొదలుపెట్టి, పాస్‌వర్డ్‌లూ పర్మిషన్లూ చివర్లో ముట్టుకోవాలి. చాలామంది సెట్టింగులన్నీ కెలికాక గానీ వైరు ఊడిందని చూసుకోరు. అప్పటికి తప్పులు రెండవుతాయి.

1. ఒక్కరికా, అందరికా? మొట్టమొదట అడగాల్సింది ఇదే. ఎవరికీ రాకపోతే తప్పు సర్వర్‌లోనో, వైర్లన్నీ కలిసే స్విచ్ డబ్బాలోనో ఉంటుంది. ఒక్కరికే రాకపోతే ఆ కంప్యూటర్‌లోనో, దాని వైరులోనో, ఆ మనిషికి ఇచ్చిన పర్మిషన్‌లోనో ఉంటుంది. ఆ మనిషిని పక్క కంప్యూటర్‌లో తన పేరుతోనే లాగిన్ అవమనండి. అక్కడ ఫోల్డర్ తెరుచుకుంటే తప్పు మొదటి కంప్యూటర్‌ది. అక్కడా తెరుచుకోకపోతే అకౌంట్‌ది. ఇంకో సంగతి: ఇంటర్నెట్ పోయినంత మాత్రాన సర్వర్ పోదు. ఆఫీసులోని ఫైళ్లు తెరుచుకోవడానికి బయటి నెట్ అక్కర్లేదు. కాబట్టి నెట్ కనెక్షన్ ఇచ్చినాయనకు ఫోన్ చేసి గొడవపడే ముందు ఒక్కసారి ఆగండి.

2. లైట్లు వెలుగుతున్నాయా? కంప్యూటర్ వెనక నెట్‌వర్క్ వైరు గుచ్చే చోట, స్విచ్ మీద ప్రతి పోర్టు దగ్గర చిన్న లైట్లుంటాయి. వెలగకపోతే వైరు తీసి, టక్‌మని శబ్దం వచ్చేదాకా మళ్లీ గుచ్చండి. అయినా వెలగకపోతే స్విచ్ మీద ఇంకో పోర్టులోకి మార్చండి. వైరు చివర ప్లాస్టిక్ నాలుక విరిగి ఉంటే అది చూడటానికి గుచ్చుకున్నట్టే ఉంటుంది, చీపురు తగిలితే ఊడుతుంది. కొత్త కనెక్టర్ వేయించండి, టేపుతో సరిపెట్టొద్దు.

తాండూరులో దీనికి తోడు రాతి పొడి. బండలు కోసి పాలిష్ పట్టే చోట లేచే సన్నటి సున్నపురాయి పొడి స్విచ్ పోర్టుల్లోకీ, కంప్యూటర్ ఫ్యాన్‌లోకీ చేరుతుంది. తేమ తగిలితే పొరలా పట్టేస్తుంది. వాడని పోర్టులకు మూతలు పెట్టండి. స్విచ్‌ను నేలమీద కాకుండా గోడకు ఎత్తులో, గాలి ఆడే పెట్టెలో బిగించండి. సర్వర్‌ను నెలకోసారి ఆపి, ప్లగ్గు తీసి, బ్లోయర్‌తో దుమ్ము కొట్టించండి. పప్పు మిల్లుల్లో ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ వైరు పీవీసీ పైపులోంచే పోవాలి.

రాగి నెట్‌వర్క్ వైరు 100 మీటర్లకు మించితే నమ్మకం లేదు. పాలిష్ షెడ్డు ఒక చివర, ఆఫీసు గది రోడ్డు పక్కన ఉండే యూనిట్లలో ఆ దూరం ఇట్టే దాటిపోతుంది. పైగా ఆరుబయట వేలాడే రాగి వైరుకు ఎండాకాలం గాలివానల్లో పిడుగుల భయం ఉంది. దగ్గర్లో ఎక్కడో పడినా చాలు, రెండు చివర్ల పోర్టులూ కాలిపోవచ్చు. అలాంటి చోట ఫైబర్ కేబుల్ వేసి, రెండు పక్కలా మీడియా కన్వర్టర్లు పెట్టించండి. గాజు తీగలో కరెంటు పారదు. ఒకసారి స్విచ్, మదర్‌బోర్డు మార్పించుకున్నవాళ్లకు ఈ ఖర్చు ఎక్కువనిపించదు.

3. కరెంటు పోయి వచ్చాక మొదలైందా? అయితే నాలుగు చోట్ల చూడండి. మొదటిది, సర్వర్‌కు యూపీఎస్ ఉంది సరే, స్విచ్‌కూ రౌటర్‌కూ ఉందా? సర్వర్ బతికి ఉండి స్విచ్ ఆరిపోతే ఫైలు దారిలోనే తెగుతుంది. ఆ చిన్న డబ్బాలనూ అదే యూపీఎస్ మీద పెట్టండి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దానికి తగిలించొద్దు. రెండోది, ఎక్కించే వరస: ముందు రౌటర్, స్విచ్, తర్వాత సర్వర్, అది పూర్తిగా తెరుచుకున్నాక మిగతావి. మూడోది, సర్వర్‌లో తేదీ. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, దాని నంబర్ 2032. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. డొమైన్ పెట్టుకున్న పెద్ద ఆఫీసుల్లోనైతే గడియారాల మధ్య 5 నిమిషాలకు మించి తేడా ఉన్నా లాగిన్ కుదరదు. నాలుగోది, సర్వర్ అడ్రసు మారిపోవడం. రౌటర్ ఆగి లేచినప్పుడు నిన్న ఇచ్చిన అడ్రసునే ఇవాళా ఇస్తుందన్న హామీ లేదు. అందుకే సర్వర్‌కు స్థిరమైన అడ్రసు ఒకటి రౌటర్‌లో రిజర్వ్ చేయించండి.

కరెంటుతో పని లేకుండా వచ్చే చిక్కు కూడా ఒకటుంది. పవర్ సెట్టింగుల్లో స్లీప్ ఆన్‌లో ఉంటే, భోజనానికి వెళ్లొచ్చేసరికి సర్వర్ నిద్రపోయి ఉంటుంది. స్క్రీన్ ఆగినా ఫర్వాలేదు. స్లీప్ మాత్రం 'నెవర్' మీద ఉండాలి.

4. పేరుతో రాకపోతే అడ్రసుతో పిలవండి. నెట్‌వర్క్ బొమ్మ నొక్కితే సర్వర్ పేరు కనిపించలేదని కంగారు పడొద్దు. ఆ జాబితాలో లేనంత మాత్రాన సర్వర్ లేదని కాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పై గడిలో \\192.168.1.10 అని మీ సర్వర్ అడ్రసు కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకుంటే చిక్కు పేరుతోనే. ఆ పూటకు అడ్రసుతో పని కానిచ్చేయండి, పేరు సంగతి సాయంత్రం చూసుకోవచ్చు. తెరుచుకోకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ అడ్రసును పింగ్ చేసి చూడండి. జవాబొస్తే దారి బాగుంది. రాకపోయినా సర్వర్ పోయిందని తేల్చేయొద్దు, పింగ్‌కు పలకనివ్వని ఫైర్‌వాల్‌లూ ఉంటాయి. మీ కంప్యూటర్ సొంత అడ్రసు 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రసే అందలేదని అర్థం. మళ్లీ రెండో చిట్కా చూడండి.

5. ఎర్రర్ పెట్టె మూసేయకండి, ఫొటో తీయండి. "ఏదో ఇంగ్లిష్‌లో వచ్చింది అన్నా, క్లోజ్ చేసిన" అంటే అవతలివాడికి ఏం తెలుస్తుంది? అంకెలుంటే అవే సగం జవాబు. 53 అన్నా, చివర 80070035 ఉన్న కోడ్ అన్నా సర్వర్ దాకా దారి దొరకలేదని. 67 అయితే సర్వర్ పేరో, ఫోల్డర్ పేరో తప్పు కొట్టారని. 5 అంటే సర్వర్ దొరికింది, మీకు అనుమతి లేదని. 1219 అంటే ఆ సర్వర్‌కు మీ కంప్యూటర్ ఇప్పటికే వేరే పేరుతో కలిసి ఉందని. ఈ చివరిదానికి ఒకసారి లాగాఫ్ అయి వస్తే సరిపోతుంది.

6. పిన్ పనిచేయదు, పాస్‌వర్డే కావాలి. విండోస్ తెరవడానికి రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఆ కంప్యూటర్‌కే పరిమితం. సర్వర్ అడిగేది సర్వర్‌లో ఉన్న అకౌంట్ పేరు, దాని అసలు పాస్‌వర్డ్. పాస్‌వర్డే పెట్టని అకౌంట్‌తో నెట్‌వర్క్ మీదుగా రావడానికి మామూలుగా విండోస్ ఒప్పుకోదు. కాబట్టి "పాస్‌వర్డ్ లేదు కదా, ఎందుకు రాదు" అనే ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. మొన్న పాస్‌వర్డ్ మార్చి ఉంటే పాతది ఇంకా కంప్యూటర్ గుర్తుపెట్టుకుని అదే పంపుతూ ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, సర్వర్ పేరున ఉన్నదాన్ని తీసేసి, కొత్తది ఇవ్వండి.

7. తాళాలు రెండు. షేర్ చేసిన ఫోల్డర్‌కు గేటు తాళం ఒకటి, గది తాళం ఒకటి ఉంటాయి. గేటు అంటే షేరింగ్ పర్మిషన్, గది అంటే సెక్యూరిటీ ట్యాబ్‌లో ఉండే పర్మిషన్. రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. గేటు దగ్గర పూర్తి అనుమతి ఇచ్చి, గదిలో 'రీడ్' మాత్రమే ఉంచితే ఫైలు చదవొచ్చు, సేవ్ చేయలేరు. "తెరుచుకుంటుంది గానీ సేవ్ అయితలేదు" అంటే మొదట చూడాల్సింది ఇక్కడే.

దీనికి మన దగ్గర పాపులర్ వైద్యం ఒకటుంది: రెండు చోట్లా 'ఎవ్రీవన్' పెట్టి 'ఫుల్ కంట్రోల్' ఇచ్చేయడం. రెండు నిమిషాల్లో పని అవుతుంది, చేసినాయన టీ తాగి వెళ్లిపోతాడు. నాకైతే ఇంతకంటే చెడ్డ రిపేరు ఇంకోటి కనిపించదు. జీతాల షీటు, పార్టీల బాకీలు అందరికీ తెరుచుకోవడం ఒక ఎత్తు. ఏ ఒక్క కంప్యూటర్‌కు వైరస్ తగిలినా ఆ ఫోల్డర్ మొత్తం దాని చేతిలో పడటం ఇంకో ఎత్తు. మనిషికో అకౌంట్ పెట్టండి. లెక్కలవాళ్లకు ఒక గుంపు, బిల్లింగ్‌వాళ్లకు ఒక గుంపు చేసి, గుంపుకే అనుమతి ఇవ్వండి. గుంపులో కొత్తగా చేర్చినవాళ్లు లాగాఫ్ అయి మళ్లీ వస్తేనే అది అమల్లోకి వస్తుంది.

8. నెట్‌వర్క్ 'పబ్లిక్'లో పడిందా చూడండి. రౌటర్ మార్చినప్పుడు విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్‌లో వేస్తుంది, అప్పుడు షేరింగ్ మూసుకుంటుంది. సర్వర్ మీద 'ప్రైవేట్' చేయండి.

9. కొత్త కంప్యూటర్, పాత డబ్బా. పాత విండోస్ ఎక్స్‌పీ సర్వర్‌నో, ఏళ్లనాటి నెట్‌వర్క్ హార్డ్‌డిస్క్‌నో కొత్తగా కొన్న ల్యాప్‌టాప్ తెరవలేదంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతిలో మొదటి వెర్షన్‌ను 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మానేశారు. 2024లో వచ్చిన విండోస్ 11 ప్రో 24హెచ్2 అయితే పేరూ పాస్‌వర్డూ లేకుండా గెస్ట్‌గా వెళ్లడానికీ ఒప్పుకోదు. వీడియో చూసి పాత వెర్షన్‌ను మళ్లీ ఆన్ చేసేవాళ్లున్నారు. చేయొద్దు. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఆ పాత వెర్షన్‌లోని కన్నంలోంచే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు దూకింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. 2019 మే మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల సర్వర్ల మీద మరో రాన్సమ్‌వేర్ పడింది. పాత డబ్బాలోని ఫైళ్లను కొత్తదాంట్లోకి మార్చి, దానికి సెలవు ఇవ్వండి.

10. 'రీడ్ ఓన్లీ' అంటోందా? అదే ఫైలును ఎవరో తెరిచి పెట్టి భోజనానికి వెళ్లారు. సర్వర్ మీద కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో 'షేర్డ్ ఫోల్డర్స్', అందులో 'ఓపెన్ ఫైల్స్' చూస్తే ఎవరన్నది పేరుతో సహా తెలుస్తుంది. ఆ ఫైలు తెరిచినాయన్ను పిలిచి మూయించండి. అక్కడినుంచే తెంచేస్తే ఆయన సేవ్ చేయని పని పోతుంది. ఎవరూ లేకపోయినా తాళం వదలకపోతే, ఫైలు పక్కన ~$ గుర్తుతో మొదలయ్యే దాగిన చిన్న ఫైలు మిగిలిపోయి ఉండొచ్చు. ఎవరూ తెరవలేదని నిర్ధారించుకున్నాకే దాన్ని తీసేయండి.

11. పదిమందికి వస్తుంది, ఒకరికి రాదు, కాసేపాగితే ఆయనకొస్తుంది ఇంకొకరికి పోతుంది. ఇలా ఉంటే లెక్క పెట్టండి. మామూలు విండోస్ 10, 11 కంప్యూటర్‌ను సర్వర్‌గా వాడితే ఒకేసారి 20 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. టాలీలో ఒకరున్నప్పుడు రెండోవారికి రావట్లేదంటే లైసెన్సు కూడా చూడండి. సిల్వర్ ఒక్కరికే, ఒకేసారి ఎక్కువమంది వాడాలంటే గోల్డ్ కావాలి.

12. తెరుచుకుంది గానీ తెలుగు బదులు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తున్నాయా? నెట్‌వర్క్‌ను ఏమీ అనకండి. ఆ ఫైలు అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో టైపు చేసింది, ఈ కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేదు.

13. వికారాబాద్ ఆఫీసు ఫోల్డర్ తాండూరు బ్రాంచిలో కావాలంటే రౌటర్‌లో 445వ నంబరు పోర్టును బయటికి తెరవమనే సలహా వినొద్దు. ప్రపంచంలో ఎవడైనా వచ్చి తలుపు తట్టే చోటు అది. వీపీఎన్ పెట్టించండి. దాని మీద కూడా పెద్ద ఎక్సెల్ ఫైళ్లు నెమ్మదిగానే తెరుచుకుంటాయి, టాలీ మరీ విసిగిస్తుంది. టాలీ వరకు సర్వర్‌లోకే రిమోట్‌గా లాగిన్ అయి వాడుకునే ఏర్పాటు మేలు.

14. షేర్ ఫోల్డర్‌లోని ఫైలును మీ కంప్యూటర్ నుంచి డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లో ఉండదు, మీ కంప్యూటర్‌లోనూ సర్వర్‌లోనూ. ఇది తెలియక ఎంతమంది పోగొట్టుకున్నారో. తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చాక ఏ ఊరి సరుకు ఎంత కొన్నదీ రాసుకున్న ఆ ఎక్సెల్ షీటుకు విలువ ఇంకా పెరిగింది. రోజూ రాత్రి ఒక కాపీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి పోవాలి. కాపీ అయ్యాక డిస్క్ వైరు తీసేయాలి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. టాలీ కంపెనీ తెరిచి ఉండగా ఫోల్డర్ కాపీ చేయొద్దు, అందరూ బయటికి వచ్చాకే.

15. సర్వర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించండి: సర్వర్ పేరు, దాని అడ్రసు, స్విచ్‌లో ఎన్నో పోర్టు ఎవరిది, యూపీఎస్ బ్యాటరీ మార్చిన తేదీ. పాస్‌వర్డ్ మాత్రం దానిమీద రాయొద్దు, బీరువాలో ఉండాలి. ఇన్నీ చూశాక కూడా రాకపోతే అప్పుడు బాగుచేసే మనిషికి ఫోన్ చేయండి. ఎవరెవరికి రావట్లేదు, ఎప్పటి నుంచి, దానికి ముందు ఏం మార్చారు, ఎర్రర్ ఫొటో, ఈ నాలుగూ ముందే చెబితే సగం సార్లు ఆయన బస్సెక్కాల్సిన పని ఉండదు.