ఆరుసార్లు రెండో స్థానం – యోప్ జూటెమెల్క్

సైకిల్ మనకు కాలేజీకి వెళ్ళే సాధనం. యూరప్‌లో అదే సైకిల్ కొందరికి జీవనాధారం. ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాలపాటు ‘టూర్ డి ఫ్రాన్స్’ అనే రోడ్డు పందెం జరుగుతుంది. అన్ని రోజుల సమయమూ కలిపి ఎవరికి తక్కువైతే వారే విజేత. ఆ లెక్కలో ముందున్నవాడు పసుపు జెర్సీ ధరిస్తాడు. ఈ పందెంలో ఆరుసార్లు రెండో స్థానంలో నిలిచినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన యోప్ జూటెమెల్క్.

ఇతడు 1946 డిసెంబర్ 3న హేగ్‌లో జన్మించాడు. మొదట వడ్రంగి పని చేశాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 100 కి.మీ. టీమ్ టైమ్ ట్రయల్‌లో స్వర్ణం గెలిచిన నలుగురిలో ఒకడు. 1970, 1971 టూర్‌లలో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ తర్వాతి స్థానం ఇతనిదే. అప్పట్లో ఒక జోకు ఉండేది. మూడు వారాలు ఎండలో తిరిగినా జూటెమెల్క్ ఎందుకు నల్లబడలేదు? మెర్క్స్ నీడలోనే తొక్కాడు కాబట్టి!

1974లో ఒక పందెంలో కారును ఢీకొని తలపుర్రె చిట్లింది. నాలుకకు రుచి తెలియడం తగ్గిపోయింది. తర్వాత మెనింజైటిస్ కూడా వచ్చింది. అయినా 1975 టూర్‌లో నాలుగో స్థానం పొందాడు. ఇతని జీవితంలో మచ్చ లేదనను. 1979 టూర్‌లో డోపింగ్ పరీక్షలో దొరికినందుకు పది నిమిషాల సమయం శిక్షగా కలిపారు. అప్పుడూ రెండో స్థానమే.

1980లో పసుపు జెర్సీతో ఉన్న ఫ్రాన్స్ వీరుడు బెర్నార్డ్ హినో మోకాలి నొప్పితో పందెం మధ్యలో తప్పుకున్నాడు. ఆధిక్యం జూటెమెల్క్‌కు వచ్చింది. కానీ మర్నాడు అతడు పసుపు జెర్సీ వేసుకోలేదు. చివరికి దాదాపు ఏడు నిమిషాల తేడాతో గెలిచినా, హినో తప్పుకోబట్టే గెలిచాడని అన్నవారున్నారు. హినో పందెంలో ఉండగానే ఒంటరిగా తొక్కే టైమ్ ట్రయల్‌లో అతణ్ణి ఓడించిన సంగతి మాత్రం వాళ్ళు చెప్పరు.

ఇక్కడ నా మాట ఒకటి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పీజీ కౌన్సెలింగ్‌లో ఎవరో వదులుకున్న సీటు నాకు వచ్చింది. “నీ అదృష్టంరా” అన్నారు కొందరు. ఎంట్రన్స్ కోసం మెట్ల కింద బల్బు దగ్గర చదివిన రాత్రులు వాళ్ళకేం తెలుసు?

1985లో ఇటలీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మిగతావాళ్ళు ఒకరినొకరు చూసుకుంటుండగా, చివరి రెండు కిలోమీటర్లలోపే ముందుకు దూసుకుపోయి గెలిచాడు. అప్పుడతని వయసు 38. మొత్తం 16 టూర్‌లలో పాల్గొన్నాడు. ఒక్కదాన్నీ మధ్యలో వదలలేదు.